పాప తలకింద ఇనుము

మా ఇంట్లో దాన్ని పిస్తోలు అని ఎవరూ అనరు. ఇనుము అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నోరుజారి పిస్తోలు అన్నందుకు మా అత్త రామక్క నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, వాకిలి వైపు చూసి, ఎవరూ లేరని తేల్చుకున్నాక తిట్టింది. గోడలకు చెవులుంటాయంటారు గానీ ఆ రోజుల్లో భోపాల్‌పట్నంలో గోడలకు కళ్ళు కూడా ఉండేవి. అడవిలోంచి వచ్చినవాళ్ళు చూస్తే పోలీసుల మనుషులంటారు, పోలీసులు చూస్తే అడవి మనుషులంటారు. మా మామగారి తాత ఎవరో దొర దగ్గర జవానుగా ఉండి తెచ్చుకున్న వస్తువు అది. మూరెడు పొడవు లేదు, ఒళ్ళంతా తుప్పు. అయినా దాని భయానికి వడ్ల గుమ్మి అడుగున గోనెసంచిలో దాచి, పైన వడ్లు పోసి, ఆ పైన మా ప్రాణాలు పోసుకుని బతికాం.

అది బయటికి వచ్చేది ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు మాత్రమే. బిడ్డ తలకింద ఇనుము పెడితే గాలీ ధూళీ సోకవు, బిడ్డ నిద్రలో ఉలిక్కిపడదు. ఊళ్ళో మిగతావాళ్ళు కొడవలి పెడతారు, అడకత్తెర పెడతారు, ఏదీ లేకపోతే మేకు పెడతారు. మా అత్తవారింట్లో మాత్రం ఇదే పెట్టాలి. మా ఆయన శ్యామ్‌ప్రసాద్ దానిమీదే పెరిగాడు. మా కల్యాణి పుట్టినప్పుడు ఊరి పరిస్థితి బాగాలేక బయటికి తీయలేదు. అందుకే పిల్ల నా పోలికన పిరికిదైందని మా అత్త పాతికేళ్ళుగా దెప్పుతూనే ఉంది. నేను పిరికిదాన్నే, కాదనను. ఈ ఊళ్ళో బతికి బట్టకట్టినవాళ్ళలో ధైర్యవంతులు ఎంతమందో నాకు చూపించండి.

ఆ కల్యాణే ఈసారి కిరందుల్ నుంచి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బంగారం లాంటి పిల్ల, కానీ నిద్ర లేదు. పోలీసు క్యాంపు వైపు హెలికాప్టర్ వెళ్ళినా, వీధిలో మోటార్‌సైకిల్ పేలినట్టు శబ్దం చేసినా, ఆఖరికి గిన్నె మీద మూత జారినా, రెండు చేతులూ గాల్లోకి విసిరి కెవ్వుమనేది. ఆ ఏడుపు ఒక పట్టాన ఆగేది కాదు. కల్యాణి కళ్ళ కింద నల్లగా చారలు పడ్డాయి. బిడ్డను పట్టుకునే కూర్చుని కునికిపాట్లు పడేది.

"ఇనుము తీయవే స్వర్ణా. బిడ్డ గట్ల ఉలికిపడుతుంటే చూసుకుంట కూసుంటవా?" అంది మా అత్త.

"అడకత్తెర పెట్టిన గద అత్తా."

"అడకత్తెర వక్కలు కత్తిరిస్తది గానీ భయాన్ని కత్తిరిస్తదా?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. గుమ్మిలోంచి సంచి తీశాను. విప్పేసరికి ఒళ్ళో ఎర్రటి పొడి రాలింది. చెక్క పిడి ఒక్కటే చెక్కలా ఉంది, మిగతాదంతా పుట్టలోంచి తీసినట్టు ఉంది. అప్పుడే ఊరి ఆరోగ్య కార్యకర్త, మితానిన్ దేవే బిడ్డను చూడటానికి వచ్చింది. దాన్ని కొంగుకింద దాచేశాను గానీ, నా చేతులకంటిన తుప్పు చూసి ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"తుప్పు పట్టిన సామాన్ ఏదీ బిడ్డ దగ్గర పెట్టకుండ్రి దీదీ. ధనుర్వాతం వస్తది. బొడ్డు ఇంకా పూరా మానలే" అంది.

ఇక నా సంగతి అడగాలా? ఇనుము పెట్టకపోతే మా అత్త ఊరుకోదు, పెడితే ధనుర్వాతం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. దేవే వెళ్ళాక బాగా ఆలోచించాను. ఇనుముతో తగువు లేదు, తుప్పుతోనే తగువు. తుప్పు వదిలిస్తే అత్తా నోరు మూస్తుంది, నా భయమూ తీరుతుంది. ఇత్తడి బిందెలు తళతళలాడేలా తోమే చెయ్యి నాది. ఇదొక లెక్కా?

మా ఆయన బజారులో మోటార్ల రిపేరు కొట్టు నడుపుతాడు. ఆయన్ని అడిగితే పోయేది. కానీ ఆయన ఏ పనైనా రేపు చూద్దామంటాడు. రేపటి దాకా మా అత్త నన్ను బతకనివ్వదు. ఫోన్ తీసి, పాత తుపాకుల తుప్పు ఎలా వదిలించాలో వెతికాను. హిందీలో ఒకాయన వీడియో దొరికింది. పాత వస్తువులు సేకరించేవాడట, వెనక గోడనిండా కత్తులూ తుపాకులే. మొదట చాలాసేపు మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ మగవాళ్ళకు పనికి ముందు ఉపన్యాసం లేకపోతే తోచదు కదా అనుకుని వేలితో ముందుకు జరిపేశాను. ఆయన కిరసనాయిల్ గుడ్డ పట్టుకున్న దగ్గర ఆపి, అక్కణ్ణుంచి చూశాను.

కిరసనాయిల్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఒక రాత్రంతా ఉంచమన్నాడు, ఉంచాను. పొద్దున్నే పెరట్లో కూర్చుని ఇనుప పీచుతో మెల్లగా రుద్దాను. ఎర్రటి నీళ్ళు కారాయి. రుద్దేకొద్దీ లోపలి నలుపు బయటపడింది, ఆ నలుపు మీద సన్నటి తీగలూ ఆకులూ చెక్కి ఉన్నాయి. ఇంత అందం తుప్పు కింద దాక్కుందా అని ముచ్చటేసింది. వెనక పక్కన చిన్న సుత్తిలాంటిది వంగి ఉంది. ఆ వీడియో ఆయన దాన్ని ఘోడా అన్నాడు. అది సగం లేచి అలాగే బిగుసుకుపోయింది. దాని ఎదురుగా గోరంత రాగి టోపీ ఒకటి, పచ్చగా చిలుము పట్టి ఉంది. అలంకారమేమో అనుకున్నాను. రాగి అంటే నాకు తెలియనిదా? చింతపండు పెట్టి నెమ్మదిగా తోమితే కొత్త కాణీలా మెరిసింది.

తర్వాత కుట్టుమిషన్ నూనె చుక్కలు చుక్కలుగా వేశాను. కాసేపటికి ఘోడా కదిలింది. ఎన్నేళ్ళ బిగుతో! బొటనవేలితో వెనక్కి లాగితే కిటుక్కుమని ఇంకాస్త వెళ్ళి నిలబడింది. మళ్ళీ ముందుకు రాలేదు. ఎక్కువ కదిలిస్తే విరుగుతుందేమోనని అలాగే వదిలేశాను. శుభ్రంగా తుడిచి, మెత్తటి మల్లు గుడ్డలో చుట్టి, గుడ్డ చివర సందుల్లో దోపి, తీసుకెళ్ళి మా అత్త ముందు పెట్టాను.

ఆమె ముఖం చూడాలి. "గిది మన ఇనుమేనా?" అని రెండుసార్లు అడిగింది. తన చేత్తో కళ్ళకద్దుకుంది. పాప పడుకునే ఆవాల దిండు ఎత్తి, దాని కింద నేనే సర్దాను. నమ్మండి, నమ్మకపోండి, పాలు తాగి పడుకున్న పిల్ల ఆ పొద్దు కదల్లేదు. పక్కనే కల్యాణి కూడా ఒళ్ళెరగకుండా నిద్రపోయింది, ఒక చెయ్యి పాప మీద వేసి. మా అత్త మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని విసురుతోంది. నాకైతే ఏదో గెలిచినట్టే ఉంది.

మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. వంటింట్లో కంచం పెట్టి, నా ఘనకార్యమంతా చెప్పాను.

"నువ్వు తీసినవా తుప్పు? ఎట్ల తీసినవ్?" అన్నాడు నమ్మకం లేనట్టు.

"ఎట్లనా? గిట్ల" అని ఫోన్‌లో ఆ వీడియో పెట్టి ఆయన ముందుంచాను.

ఈసారి అది మొదటినుంచి మొదలైంది. నేను జరిపేసిన ఉపన్యాసం. "సబ్‌సే పహలే యే దేఖియే కి బందూక్ భరీ హుయీ తో నహీ హై" అన్నాడు ఆయన. అన్నిటికంటే ముందు తుపాకీలో మందు నింపి ఉందేమో చూసుకోండి అని. పాత తుపాకులు నింపినవి నింపినట్టే ఉండిపోతాయట. వందేళ్ళయినా లోపలి మందు చావదట. ఘోడా ఎదురుగా రాగి టోపీ కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, ఘోడాను కదపవద్దు అని, వేలు ఊపుతూ మరీ చెప్పాడు.

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మందు కూరి పేల్చే భర్మార్ తుపాకులు చూసి పెరిగినవాడు, టోపీ అంటే ఏంటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"టోపీ ఉందా దానికి?"

తల ఊపాను.

"ఘోడా?"

"వెనక్కి లాగిన."

"మళ్ళ ముందుకు దించినవా?"

"లేదు. అట్లనే నిలబడ్డది."

ఆయన లేచాడు. ఎంగిలి చేత్తోనే గోడ పట్టుకున్నాడు. మా ఆయన ముఖంలో అలాంటి రంగు నేనెప్పుడూ చూడలేదు, ఇంటిచుట్టూ తుపాకులు తిరిగిన రోజుల్లో కూడా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏడుంది ఇప్పుడది?" అన్నాడు, తెలిసి కూడా.

మధ్యగదిలో ఏమీ మారలేదు. కిటికీలోంచి ఎండ మంచం కాళ్ళ మీద పడుతోంది. పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆవాల దిండు మీద దాని తల, దిండు కింద మల్లు గుడ్డ అంచు తెల్లగా కనిపిస్తోంది. ఆ ఇనుము మూతి ఎటు పెట్టానో నాకు గుర్తుంది. కల్యాణి వైపు. కల్యాణి మెడ దానికి జానెడు దూరంలో ఉంది.

"ఏందిరా, బువ్వ తినకుండనే లేచొచ్చినవ్?" అంది మా అత్త. ఆమెకు చెవుడు, మెల్లగా మాట్లాడటం రాదు. కల్యాణి కనురెప్పలు కదిలాయి. మా ఆయన చేతులు జోడించాడు, కన్నతల్లికి, మాట్లాడకమ్మా అని. ఆమె బిత్తరపోయి విసనకర్ర ఆపేసింది.

కల్యాణిని లేపితే? ఉలిక్కిపడి లేస్తుంది. అది నా కూతురు, ఎలా లేస్తుందో నాకు తెలుసు, మంచమంతా ఊగిపోతుంది. పాపను ఎత్తితే? తల కదిలితే దిండు కదులుతుంది, దిండు కింద గుడ్డ. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గుడ్డ చివర నేను ఎక్కడ దోపానో. నొక్కే మీట చుట్టూ ఉన్న ఇనుప వంకీలో. చుట్టు ఊడిపోకుండా అందులోంచి దూర్చి గట్టిగా లాగాను, అంత జాగ్రత్త. ఇప్పుడు ఆ గుడ్డను ఎవరు లాగినా మీటను లాగినట్టే.

ఆ మాట మా ఆయన చెవిలో చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు.

"నా చేతులు చూడు" అన్నాడు గుసగుసగా. మోటారు వైండింగులో వెంట్రుకంత తీగను చుట్టే చేతులు గజగజ వణుకుతున్నాయి. "నువ్వు చుట్టినవ్, నీకే తెలుసు ఏది ఏడుందో. ఘోడాకూ టోపీకీ నడుమ ఏలు పెట్టు. ఏలుంటే అది టోపీకి తగలదు. గంతే. ఇంకేం ఆలోచించకు."

నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. దేవుళ్ళందరినీ పిలిచాను, ఒక్కరి పేరూ పూర్తిగా రాలేదు. దిండు కింద చెయ్యి దూర్చాను. పిల్ల తల బరువు ఆవాల మీదుగా నా చేతి మీద తెలుస్తోంది. ఎంత తల? దోసెడు లేదు. చెక్క పిడి తగిలింది. దాన్ని దాటి, గుడ్డ మీదుగానే తడుముకుంటూ పైకి వెళ్ళాను. పొద్దున నేను నూనె వేసి ముద్దు చేసిన ఘోడా, వెనక్కి వాలి నిలబడి ఉంది. దాని ముందు ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి చిటికెన వేలు దూరుస్తుంటే గుడ్డ అడ్డం వచ్చింది. గోరుతో గుడ్డను పక్కకు నెట్టి, మళ్ళీ దూర్చాను. వేలి కింద టోపీ గుండ్రంగా, నున్నగా తగిలింది. నేను మెరిపించిన టోపీ.

మా ఆయన వైపు చూసి తల ఊపాను. ఆయన వంగి, రెండు చేతులతో దిండుతో సహా పాప తలను వెంట్రుకవాసి పైకి లేపాడు. నేను పిస్తోలును నా వైపు లాగాను. కొంచెం వచ్చింది. ఇంకొంచెం వచ్చింది. గుడ్డ కొస నులక ముడిలో ఇరుక్కున్నట్టుంది, అది నాకు కనపడలేదు.

టక్కుమంది.

ఘోడా నా వేలి మీద పడింది. గోరు మధ్యకు చీలిన నొప్పి భుజం దాకా కొట్టింది. అరుపు గొంతు దాకా వచ్చింది. అరిస్తే పాప ఉలిక్కిపడుతుంది, కల్యాణి లేస్తుంది, వేలు జారుతుంది. నోట్లో పైట కుక్కుకుని పళ్ళు బిగించాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మా అత్త నన్నే చూస్తోంది, ఏం జరుగుతోందో తెలియకుండానే ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మంచం కోడు మీద వక్క కత్తిరించే అడకత్తెర ఉంది. దాంతో మా ఆయన ఆ గుడ్డ కొస కత్తిరించాడు. వేలు ఘోడా నోట్లో ఉండగానే పిస్తోలును గుండెల దగ్గర పెట్టుకుని, మూతి గోడవైపు తిప్పి, ఒక్కో అడుగూ వేసుకుంటూ పెరట్లోకి నడిచాను. నా వెనక పాప చిన్నగా మూలిగింది. నేను ఆగిపోయాను. మళ్ళీ ఏమీ వినపడలేదు. నడిచాను.

పెరట్లో మా ఆయన ఘోడాను వెనక్కి లాగి పట్టుకున్నాడు, నేను వేలు తీశాను. గోరు నల్లగా కమిలి, మధ్యలోంచి రక్తం వస్తోంది. ఆయన మేకు మొనతో రాగి టోపీని ఊడదీసి, నీళ్ళ బకెట్‌లో వేశాడు. అప్పుడు కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. బయట ఎవరో సైకిల్ మీద బెల్లు కొట్టుకుంటూ వెళ్తే ఇద్దరం ఒకేసారి తల తిప్పాం.

"నిజంగ మందు ఉందా, ఉట్టిదేనా?" అన్నాను చివరికి. ఉట్టిదే అయితే బాగుండునని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు.

ఆయన తీగ కొస వంచి గొట్టంలోకి దూర్చాడు. మొదట కుళ్ళిన గుడ్డ ఉండ వచ్చింది. బోర్లించి పిడిమీద తడితే, రేగుపండంత సీసపు గుండు దొర్లి నేల మీద పడింది. మరో గుడ్డ ముక్క. దాని వెనక నల్లటి పలుకులు. ఆయన చిటికెడు తీసి, దూరంగా నీళ్ళు కాగబెట్టే పొయ్యిలో నిప్పుల మీదికి విసిరాడు. బుస్సుమని మంట లేచి, తెల్లటి పొగ పెరడంతా కమ్ముకుంది.

ఆ మంట చూసి ఎంత భయపడ్డానంటే, ఏడవడం కూడా మర్చిపోయాను. మిగిలిన మందు మీద ఆయన చెంబెడు నీళ్ళు పోశాడు.

వెనక గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పొగను చూసింది, నేల మీది గుండును చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. నెమ్మదిగా వంగి ఆ గుండును తీసి అరచేతిలో పెట్టుకుంది.

"శ్యామూ" అంది. "నువ్వు నడక నేర్చేదాంక దీని మీదనే పడుకున్నవ్ బిడ్డా. మీ నాయిన గూడ. మీ నాయిన చెల్లెండ్లు గూడ. నీకు నేనే పెట్టిన. రోజూ నేనే పెట్టిన."

మా ఆయన ఆమె చేతిలోంచి గుండు తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

లోపల్నుంచి కల్యాణి పిలిచింది. నేను వేలికి తడిగుడ్డ చుట్టుకుని పరుగెత్తాను. అది మంచం మీద లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుంటోంది. ముఖం తేటగా ఉంది. పురుడొచ్చాక ఆ ముఖంలో అంత తెరిపి నేను చూడలేదు.

"ఏమైందే అమ్మా ఏలికి?"

"తలుపు సందుల పడ్డది."

"పాప చూడు, ఇంకా లేవలే. ఎంతసేపు పడుకున్నదో! బాపమ్మ చెప్తే నవ్విన గానీ, ఆ ఇనుముల ఏదో ఉన్నదే" అంటూ దిండు కింద చెయ్యి పెట్టి తడిమింది. "ఏది? తీసినవా? అయ్యో, ఎందుకు తీసినవే? మళ్ళ ఉలికిపడి ఏడుస్తది. పెట్టు అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, పెట్టు."

అన్నీ చెప్పేస్తే ఈ పిల్ల ఇక ఈ ఇంట్లో కన్ను మూస్తుందా? చెప్పకపోతే నేనేం పెట్టాలి అక్కడ? నిజంగా, ఏం పెట్టాలి? అడకత్తెరను చూసినా నాకు భయంగానే ఉంది.

మా అత్త నా పక్కనుంచి మంచం దగ్గరికి వచ్చింది. పీట మీద కూర్చుంది. పాప తలకింద, ఆవాల దిండు కింద, తన చెయ్యి పెట్టింది.

"ఇనుము ఏది బాపమ్మా?" అంది కల్యాణి.

"నేనున్న గదనే, పడుకో" అంది మా అత్త.

కల్యాణి పడుకుంది. నేను గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాను. ముసలామె చెయ్యి వణుకుతోంది. ఆ వణుకుకు దిండులో ఆవాలు సన్నగా గరగరమంటున్నాయి. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుంది, అయినా ఆగడం లేదు. పొద్దు వాలేదాకా ఆమె ఆ చెయ్యి తీయలేదు.